రిజిస్టర్‌లో 0.5, చివరి కుళాయిలో సున్నా: ఒక డెల్టా ఊరి ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కేసు

గోదావరి డెల్టాలో కాలువ చివరనున్న ఊరు. ఇళ్ళు 450 దాకా ఉంటాయి. కాలువకు నీళ్ళు ఆపేశాక ఏప్రిల్ ఆఖరులో చివరి కాలనీలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ట్యాంకు చుట్టుపక్కల వీధుల్లో ఒక్క కేసూ లేదు. పైగా అక్కడివాళ్ళ ఫిర్యాదు వేరు: నీళ్ళు మందు వాసన కొడుతున్నాయని, పౌడర్ తగ్గించమని. పంచాయతీ రిజిస్టర్‌లో రోజూ క్లోరినేషన్ చేసినట్టు, కుళాయి దగ్గర క్లోరిన్ 0.5 పీపీఎం, అంటే లీటరుకు 0.5 మిల్లీగ్రాము, వచ్చినట్టు రాసి ఉంది. ఆ రాత అబద్ధం కాదు. పంపు ఆపరేటర్ రోజూ ట్యాంకెక్కి పౌడర్ వేస్తున్నాడు, క్లోరిన్‌ను రంగుతో కొలిచే క్లోరోస్కోప్‌లో పసుపు రంగు చూస్తున్నాడు. అయినా చివరి కాలనీ నీళ్ళలో క్లోరిన్ లేదు.

ఇది ఏదో ఒక ఊరి చరిత్ర కాదు. వేసవికి నీళ్ళు నిలవచేసే సమ్మర్ స్టోరేజి చెరువు మీద నడిచే పథకాల్లో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే లోపాలను ఒకే పథకం మీద పెట్టి, లెక్కకు వీలైన అంకెలతో రాసిన నమూనా కేసు. పద్ధతులు, రసాయన లెక్కలు మాత్రం ఫీల్డులో వాడేవే.

పథకం

కాలువ నీళ్ళు సమ్మర్ స్టోరేజి చెరువులోకి వస్తాయి. అక్కణ్ణుంచి స్లో శాండ్ ఫిల్టర్, కింద సంపు, పంపు, ఆపైన 60,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు. పంపు నిమిషానికి 500 లీటర్లు తోడుతుంది కాబట్టి ట్యాంకు నిండటానికి 2 గంటలు. నీళ్ళు ఉదయం, సాయంత్రం వదులుతారు. చివరి కాలనీ ట్యాంకుకు 2.2 కిలోమీటర్ల దూరం. మెయిన్ పైపు లోపలి వ్యాసం 75 మిల్లీమీటర్లు. అంటే ఆ పొడవునా పైపులోనే దాదాపు 9,700 లీటర్ల నీళ్ళుంటాయి. ఈ అంకె తర్వాత రెండుసార్లు అవసరమవుతుంది.

పౌడర్ లెక్క ఊళ్ళల్లో మామూలుగా చెప్పుకునేదే: వెయ్యి లీటర్లకు 4 గ్రాములు, అంటే ట్యాంకుకు 240 గ్రాములు. పౌడర్‌లో 33 శాతం క్లోరిన్ ఉంటే 240 గ్రాముల్లో 79 గ్రాముల క్లోరిన్ వస్తుంది. 60,000 లీటర్లకు అది 1.3 పీపీఎం మోతాదు. కాలువ పారే రోజుల్లో, ఫిల్టర్ బాగా పనిచేస్తుంటే ఇది సరిపోతుంది కూడా. కాబట్టి లెక్క తప్పని అనలేం. ఏ పౌడర్‌కు, ఏ నీళ్ళకు కట్టిన లెక్కో చూడకుండా ఏడాది పొడవునా అదే వాడటం దగ్గర వస్తుంది చిక్కు.

ముందు పౌడర్ సంగతి

ఇలాంటి కేసులో చాలామంది నేరుగా పైపులు తవ్వడానికి పోతారు. అంతకంటే ముందు బస్తా విప్పి చూడాలి, ఎందుకంటే అది గంట పని. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో 32 నుంచి 34 శాతం క్లోరిన్ ఉండాలి. గాలి, తేమ, వేడి, వెలుతురు తగిలేకొద్దీ అది దిగిపోతుంది. కొన్నాళ్ళకు మిగిలేది సున్నమే. చూడటానికి రెండూ తెల్లగానే ఉంటాయి. వాసనా నమ్మదగ్గ గుర్తు కాదు, 15 శాతానికి పడిపోయిన పౌడర్ కూడా ముక్కు అదరగొడుతుంది.

ఇక్కడ బస్తా ఎక్కడుందంటే రేకుల పంపు షెడ్డులో, నేల మీద, మూతి విప్పి, స్టార్టర్ బోర్డు పక్కనే. ఆరు నెలలకు సరిపడా ఒకేసారి కొన్న సరుకు. అడుగు బస్తాలు తేమకు గడ్డకట్టాయి. స్టార్టర్ కాంటాక్టులకు పచ్చటి చిలుము పట్టింది. మోటారు తరచూ ట్రిప్పవడానికి ఎలక్ట్రీషియన్ ఓల్టేజిని తిట్టుకుంటున్నాడు గానీ కారణం ఆ బస్తాలోంచి వచ్చే ఆవిరే.

పరీక్ష ఇలా. బస్తాలో పైన, మధ్యన, అడుగున మూడు చోట్ల తీసి కలిపిన పౌడర్ 5 గ్రాములు తూచాలి. కల్వంలో కొద్ది నీళ్ళతో మెత్తటి ముద్దగా నూరి, నీళ్ళు కలిపి 500 మిల్లీలీటర్లు చేయాలి. తేట తీయకూడదు. బాగా కుదిపి, తెల్లగా ఉండగానే 25 మిల్లీలీటర్లు తీసుకోవాలి. అందులో 1 గ్రాము పొటాషియం అయొడైడ్, 5 మిల్లీలీటర్ల ఎసిటిక్ ఆమ్లం వేస్తే ముదురు గోధుమ రంగు వస్తుంది. బ్యూరెట్‌లోంచి 0.1 నార్మల్ బలమున్న హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, చుక్కచుక్కగా వదలాలి. గడ్డి రంగుకు దిగాక గంజి ద్రావణం వేసి, నీలం రంగు పోయేదాకా కొనసాగించాలి. అయిన మిల్లీలీటర్లను 1.418తో గుణిస్తే క్లోరిన్ శాతం వస్తుంది. తాజా పౌడర్‌కు 23 మిల్లీలీటర్ల పైన కావాలి. ఈ బస్తాకు 13.4 మిల్లీలీటర్లకే నీలం పోయింది. అంటే 19 శాతం.

దాంతో 240 గ్రాముల పౌడర్ ఇచ్చేది 79 గ్రాముల క్లోరిన్ కాదు, 46 గ్రాములే. మోతాదు 0.76 పీపీఎంకు దిగింది. కానీ రోగాలకు ఇదొక్కటే కారణమైతే ట్యాంకు దగ్గరి వీధుల్లోనూ కేసులు రావాలి.

నీళ్ళు ఎంత తినేస్తున్నాయి

క్లోరిన్ వేసిన వెంటనే క్రిముల మీదకే పోదు. నీళ్ళలోని పాచి, కుళ్ళిన ఆకు, ఇనుము, అమ్మోనియా ముందు తమ వాటా తీసుకుంటాయి. ఆ వాటా ఎంతో తెలియకుండా మోతాదు చెప్పడం చీకట్లో బాణం వేయడమే. కాలువ కట్టేశాక చెరువులో నీళ్ళు నిలిచి, ఎండకు పచ్చబడి, అడుగున చచ్చిన పాచి కుళ్ళి అమ్మోనియా వదులుతుంది. ఆగస్టులో 0.6 పీపీఎం తిన్న నీళ్ళు మే నెలలో దానికి రెండు మూడు రెట్లు తింటాయి.

దీన్ని కొలవడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఇదే 19 శాతం పౌడర్ 5.26 గ్రాములు లీటరు నీళ్ళలో కలిపి తేర్చితే, ఆ తేటలో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉంటుంది. దాన్ని లీటరు నీళ్ళలో 1 మిల్లీలీటరు కలిపితే 1 పీపీఎం. సంపు నీళ్ళతో ఆరు లీటరు సీసాలు నింపి, వరసగా 0.5, 1, 1.5, 2, 2.5, 3 మిల్లీలీటర్లు వేసి, మూతపెట్టి, నీడలో అరగంట ఉంచాలి. తర్వాత క్లోరిన్ ఉంటే గులాబీ రంగిచ్చే డీపీడీ బిళ్ళలతో చూడాలి. 1వ నంబరు బిళ్ళ ఫ్రీ క్లోరిన్, అంటే దేంతోనూ కలవకుండా మిగిలినది, ఎంతో చెబుతుంది. అదే గొట్టంలో 3వ నంబరు కూడా వేస్తే అమ్మోనియాతో కలిసిపోయిన క్లోరిన్‌తో సహా మొత్తం తెలుస్తుంది.

ఫలితం: 0.5 వేసిన సీసాలో ఫ్రీ సున్నా, మొత్తం 0.3. ఒకటి వేసిన దాంట్లో ఫ్రీ సున్నా, మొత్తం 0.5. ఒకటిన్నర వేసిన దాంట్లో మొత్తం పెరగకపోగా 0.2కు దిగింది, ఫ్రీ జాడగా కనపడింది. రెండుకు ఫ్రీ 0.4, రెండున్నరకు 0.9, మూడుకు 1.4.

మధ్యలో వచ్చిన ఆ దిగుడులోనే ఈ కేసు కిటుకంతా ఉంది. క్లోరిన్ కొద్దిగా వేసినప్పుడు అది అమ్మోనియాతో కలిసి క్లోరమిన్లుగా మారుతుంది. ఇంకొంచెం వేస్తే ఆ క్లోరమిన్లే విరిగిపోతాయి. అదే బ్రేక్‌పాయింట్. అది దాటాకే వేసినదంతా ఫ్రీ క్లోరిన్‌గా మిగలడం మొదలవుతుంది. అమ్మోనియా నైట్రోజన్ ఒక పాలుంటే, దాన్ని దాటడానికి బరువు లెక్కన 7.6 పాళ్ళ క్లోరిన్ కావాలి. ఫీల్డులో 10 పాళ్ళ దాకా పడుతుంది.

ట్యాంకులో పడుతున్న 0.76 పీపీఎం ఆ దిగుడుకు ఇవతలే ఆగిపోతోంది. ఘాటు మందు వాసన కొట్టేదీ ఈ దశలో పుట్టే క్లోరమిన్లే. ఫ్రీ క్లోరిన్ 0.5 ఉన్న నీళ్ళకంటే ఈ అరకొర నీళ్ళే ఎక్కువ కంపు కొడతాయి. వాసన వస్తోందని పౌడర్ తగ్గిస్తే వాసన పోదు, ఉన్న రక్ష పోతుంది. ఈ మాట సర్పంచుకు, వార్డు మెంబర్లకు నోటితో చెబితే నమ్మరు. ఒకటి వేసిన సీసా, రెండున్నర వేసిన సీసా మూతలు తీసి వాసన చూపిస్తే సరిపోతుంది.

రిజిస్టర్‌లో 0.5 ఎలా వచ్చిందో కూడా ఇక్కడే తేలిపోయింది. ఆపరేటర్ వాడుతున్నది పాత క్లోరోస్కోప్, అందులో ఆర్థోటోలిడిన్ ద్రావణం. దాంతో ఫ్రీ క్లోరిన్ చూడాలంటే ద్రావణం వేసిన 10 సెకన్లలోపే రంగు పోల్చాలి. ఆలస్యమైతే క్లోరమిన్లు కూడా పసుపు రంగు ఇస్తాయి. అతను ద్రావణం వేసి, వాల్వు తిప్పి, తిరిగొచ్చి చూస్తున్నాడు. ఐదు నిమిషాలు. కనపడింది మొత్తం క్లోరిన్, రాసింది ఫ్రీ క్లోరిన్ గడిలో. ఆర్థోటోలిడిన్ ఆరోగ్యానికీ మంచిది కాదు, క్యాన్సర్ కారకమన్న అనుమానంతో దాన్ని పక్కన పెట్టి చాలాకాలమైంది. ఇంకా ఎక్కడైనా కనపడితే చేతికి అంటకుండా తీసేసి డీపీడీ కిట్ ఇవ్వాలి. డీపీడీకీ ఒక గుణం ఉంది: క్లోరిన్ 10 పీపీఎం దాటితే గులాబీ రంగును తనే విరిచేస్తుంది, గొట్టం తెల్లగా సున్నాలా కనపడుతుంది. ట్యాంకు కడిగిన రోజున సున్నా వస్తే, ఆ నీళ్ళను పది రెట్లు పలచన చేసి మళ్ళీ చూడకుండా నమ్మకూడదు.

పీహెచ్ సంగతి చిన్నదే గానీ వదిలేయకూడదు. పచ్చబడ్డ చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ 8.5 దాటుతుంది. క్రిముల్ని చంపేది హైపోక్లోరస్ ఆమ్లం రూపంలోని క్లోరిన్. పీహెచ్ 7.5 దగ్గర అది సగం, 8.5 దగ్గర పదో వంతే. కిట్ మాత్రం రెండు రూపాల్నీ కలిపే చూపిస్తుంది. వేసవిలో నీళ్ళు వదలడానికి ముందు అరగంట బదులు గంట ఆగడం, తెల్లవారుజామున తోడటం అందుకే.

డీపీడీ కూడా లేని చోట హారక్స్ పరికరం ఉంటే చాలు. నల్ల కప్పులో ఒక చెంచా, అంటే 2 గ్రాముల పౌడర్‌తో ద్రావణం చేసి, ఆరు తెల్ల కప్పుల్లో పరీక్షించే నీళ్ళు పోసి, వరసగా ఒకటి నుంచి ఆరు చుక్కలు వేయాలి. కలిపి, అరగంట ఆగాక స్టార్చ్ అయొడైడ్ మూడేసి చుక్కలు. చిక్కటి నీలం మొదట ఏ కప్పులో వస్తే అన్ని చెంచాలు 455 లీటర్లకు కావాలి. ఇక్కడ మూడో కప్పులో వచ్చింది: 455 లీటర్లకు 6 గ్రాములు, ట్యాంకుకు 791 గ్రాములు. ఈ పద్ధతిలో గొప్పేమిటంటే, వాడబోయే పౌడర్‌తోనే పరీక్ష చేస్తాం కాబట్టి దాని శాతం విడిగా కట్టక్కర్లేదు. కిట్‌తో కట్టిన లెక్క కూడా ఇదే చోటికి వస్తుంది: 2.5 పీపీఎం కావాలంటే 150 గ్రాముల క్లోరిన్, 19 శాతం పౌడర్‌లో 789 గ్రాములు.

వేసే తీరు

ఆపరేటర్ ట్యాంకు నిండాక పైకెక్కి, మ్యాన్‌హోల్ మూత తీసి, పొడి పౌడర్ గుమ్మరించేవాడు. చాలా ఊళ్ళల్లో జరిగేదే. గడ్డలు అలాగే అడుక్కు దిగుతాయి, వాటి చుట్టూ సున్నం పొరకట్టి లోపలి క్లోరిన్‌ను బయటికి రానీయదు. కరిగిన కాస్తా బరువుగా అడుగునే పరుచుకుంటుంది. నిండిన ట్యాంకులో నీళ్ళను కలిపే కదలిక ఉండదు. ఔట్‌లెట్ అడుగునే ఉంది కాబట్టి వాల్వు తిప్పగానే ఘాటు నీళ్ళు ముందు బయటికొచ్చి దగ్గరి వీధులకు పోతాయి. అరగంట తర్వాత వచ్చే నీళ్ళలో ఏమీ ఉండదు. ట్యాంకు పక్క కుళాయి దగ్గర వాల్వు తిప్పగానే చూస్తే ఫ్రీ సున్నా, మొత్తం 0.5. నలభై నిమిషాల తర్వాత అదే కుళాయిలో మొత్తం కూడా సున్నా. ఆపరేటర్ చూసేదెప్పుడూ మొదటి నీళ్ళే.

ట్యాంకు అడుగున చెయ్యి మందాన తెల్లటి బురద ఉంది. అది పేరుకునేకొద్దీ కొత్తగా వేసే క్లోరిన్‌లో కొంత తింటుంది కూడా.

మార్చిన పద్ధతి ఇది. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు కొద్ది నీళ్ళు పోసి, అందులో తూచిన పౌడర్ చల్లుతూ కర్రతో ముద్దగా కలపాలి. తర్వాత 25 లీటర్లు చేసి కదపకుండా ఉంచితే సున్నం అడుగుకు దిగుతుంది. తేటను డోసింగ్ డ్రమ్ములోకి వంచాలి. ముద్దలో ఇంకా క్లోరిన్ మిగిలి ఉంటుంది కాబట్టి రెండోసారి నీళ్ళు పోసి, తేర్చి, అదీ కలిపి డ్రమ్ములో 50 లీటర్లు చేయాలి. మిగిలిన సున్నం చెరువులోనో కాలువలోనో పారేయకుండా గుంటలో పూడ్చాలి. రాత్రి కలిపి మూతపెడితే తెల్లారేసరికి వాడుకోవచ్చు. రెండు రోజులకు సరిపడా ఒకేసారి కలపకూడదు, డ్రమ్ములోనే బలం తగ్గిపోతుంది.

డ్రమ్మును ట్యాంకు మీదికి మోయించకూడదు. సంపు పక్కన ఎత్తు దిమ్మె మీద పెట్టి, పంపు నడిచినంతసేపూ సంపులోకి సన్నగా వదిలితే పంపే కలిపి పెడుతుంది. గొట్టం ఫుట్‌వాల్వుకు (పంపు నీళ్ళు పీల్చే మూతి) మీటరు దూరంలో ఉండాలి, సరిగ్గా దాని మీద పడితే తుప్పు పడుతుంది. 50 లీటర్లు 2 గంటల్లో అవ్వాలంటే నిమిషానికి 417 మిల్లీలీటర్లు పడాలి. లీటరు మగ్గు 2 నిమిషాల 24 సెకన్లలో నిండితే సరిగ్గా ఉన్నట్టు. డ్రమ్ము అడుగున కుళాయి బిగిస్తే మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడి చివర్లో మోతాదు పడిపోతుంది. అందుకని థర్మోకోల్ ముక్కకు పారదర్శక గొట్టం కట్టి, దాని మూతి నీటి మట్టానికి 5 సెంటీమీటర్ల లోతులో ఉండేలా తేలనిస్తే ధార మారదు. కుళాయిలు, జాయింట్లు అన్నీ ప్లాస్టిక్‌వే ఉండాలి. ఇనుప, అల్యూమినియం పాత్రలు పనికిరావు.

కొత్తగా తెచ్చిన పౌడర్ 31 శాతం వచ్చింది. 2.5 పీపీఎంకు 150 గ్రాముల క్లోరిన్, పౌడర్‌లో 484 గ్రాములు. పంపు షెడ్డు గోడ మీద ఆయిల్ పెయింట్‌తో ఒక పట్టిక రాయించారు: ఒక వరసలో పౌడర్ శాతం, ఇంకో వరసలో కావలసిన పీపీఎం, గడిలో గ్రాములు. తూచడానికి కిరాణా కొట్టు తరహా ఎలక్ట్రానిక్ కాటా చాలు. డబ్బా లెక్క, దోసిలి లెక్క మానేయాలి.

పౌడర్‌ను చెరువులోనో, ఫిల్టర్‌కు ముందో వేస్తే పాచి కూడా పోతుంది కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అలా ఎన్నడూ చేయకూడదు. స్లో శాండ్ ఫిల్టర్ పనిచేసేదే ఇసుక పైపొరలో బతికే జీవుల వల్ల. క్లోరిన్ ఆ పొరను చంపేస్తే ఆ ఫిల్టర్ వట్టి ఇసుక గుట్ట. మళ్ళీ పొర కట్టేదాకా వడపోసిన నీళ్ళు వాడటానికి వీల్లేదు. ఫిల్టర్‌కు చేయాల్సింది పైనున్న ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక గీరి తీయడం, ఆ తర్వాత కొన్నాళ్ళు మొదటి నీళ్ళు బయటికి వదిలేయడం. ఈ పథకంలో గీరిన మర్నాడే సంపులోకి కలిపేశారు. మే నెలలో క్లోరిన్ డిమాండ్ అంత పెరగడానికి అదీ ఒక కారణం.

చివరి కాలనీ

మోతాదు సరిచేశాక పైపు వెంట నీళ్ళు వదిలిన అరగంటకు రీడింగులు తీశారు. ట్యాంకు ఔట్‌లెట్ దగ్గర 0.9, 600 మీటర్ల దగ్గర 0.8, 1,100 దగ్గర 0.7, 1,600 దగ్గర 0.6. ఆ తర్వాతి కుళాయిలో ఒక్కసారిగా 0.1, చివర్లో సున్నా.

క్లోరిన్ దూరంతో పాటు నెమ్మదిగా తగ్గడం మామూలే. ఇలా మెట్టు దిగినట్టు పడితే అక్కడ బయటి మురికి లోపలికొస్తోందని అర్థం. హెచ్‌2ఎస్ సీసాలు (మలం క్రిములుంటే నీళ్ళు నల్లబడేవి) పెడితే 1,600 మీటర్ల దాకా రంగు మారలేదు, ఆపైన తీసిన రెండు శాంపిళ్ళూ 24 గంటల్లోపే నల్లబడ్డాయి. ఆ మధ్యలో మురుగు కాలువ దాటే కల్వర్టు ఉంది. దాని కింద వాల్వు గుంత నిండా మురుగు, గ్లాండ్ (వాల్వు కాడ చుట్టూ నీళ్ళు కారకుండా బిగించే భాగం) వదులై బుడగలొస్తున్నాయి. ఇంకో పదిహేను మీటర్లలో మూడు ఇళ్ళ కనెక్షన్ పైపులు కాలువలోంచే పోతున్నాయి. అందులో ఒకటి పగిలితే సైకిల్ ట్యూబు చుట్టి ఉంది.

నీళ్ళు వస్తున్నంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి మురుగు లోపలికి రాదు, నీళ్ళే బయటికి కారతాయి. వాల్వు కట్టేయగానే పల్లం వైపు నీళ్ళు జారి పైపులో ఖాళీ ఏర్పడుతుంది, గ్లాండ్‌లోంచి మురుగును లాగేస్తుంది. దీనికి తోడు కుళాయికి నేరుగా బిగించిన మోటార్లు. ధార సన్నగా వచ్చే కాలనీలో ముందు ఒకరు మోటారు పెడతారు, తర్వాత పక్కింటివాళ్ళకు పెట్టక తప్పదు. మోటారు నడుస్తున్నంతసేపూ, నీళ్ళొచ్చే వేళలోనే, పైపు పీల్చుతూనే ఉంటుంది. అలాంటి పైపులో 0.9 పీపీఎం కాదు, ఎంత వేసినా మురుగుతో పోటీ పడలేదు. మోతాదు పెంచి ఈ లోపాన్ని కప్పిపుచ్చాలని చూడకూడదు.

గుంతలో మురుగు తోడి, గ్లాండ్ మార్చి, గుంత గోడలు కాలువ మట్టానికి పైకి లేపారు. మూడు కనెక్షన్లనూ కాలువ పైనుంచి జీఐ పైపులో వేశారు. ఆ తర్వాత మెయిన్‌కు షాక్ డోసు: 50 పీపీఎం, 24 గంటలు. 9,700 లీటర్లకు 485 గ్రాముల క్లోరిన్, 31 శాతం పౌడర్‌లో 1,565 గ్రాములు. ముందురోజే దండోరా, మైకు రెండూ వేయించి, ఇంటి కనెక్షన్ల స్టాప్‌కాక్‌లు కట్టించి, ఆ రోజుకు ట్యాంకర్ నీళ్ళిచ్చారు. 24 గంటలయ్యాక చివర వాషౌట్ (పైపు ఖాళీ చేసే వాల్వు) తెరిచి 1 పీపీఎంకు దిగేదాకా వదిలారు. ఆ నీళ్ళు పోయే పంట బోదె పక్కనే చేపల చెరువు. చేపలు క్లోరిన్‌ను అణుమాత్రం కూడా తట్టుకోవు. అందుకని బోదెకు అడ్డుకట్ట వేసి, హైపో కలిపాకే వదిలారు. గ్రాము క్లోరిన్‌కు 7 గ్రాముల హైపో వేస్తే ధోకా ఉండదు, మొత్తానికి 3.4 కిలోలు. మామూలు పంచాయతీ మనుషులకు ఈ సంగతి తట్టదు, చేపలు తేలాక తగువు మాత్రం పంచాయతీకే వస్తుంది.

ట్యాంకు కడిగేటప్పుడు

ఈ కేసులో ప్రమాదం ఏదీ జరగలేదు గానీ కొద్దిలో తప్పింది. గోడల పాచి పోవడానికి బాత్రూం ఆసిడ్ తెప్పించి పెట్టారు, అడుగున బ్లీచింగ్ బురద అలాగే ఉంది. ఆసిడ్ దాని మీద పడితే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. ట్యాంకు లోపల ఉన్న మనిషి నిచ్చెన ఎక్కి వచ్చేలోగా ఊపిరి ఆడదు. బ్రష్షు, నీళ్ళు తప్ప ఇంకేమీ వాడకూడదు. బురదంతా ఎత్తేసి కడిగాకే, గోడలకు బ్లీచింగ్ తేట పూసే మనిషి గ్లవ్స్, కళ్ళద్దాలు, మాస్కుతో దిగాలి. మూతలన్నీ తెరిచి ఉంచాలి, పైన ఇంకో మనిషి తాడు పట్టుకుని నిలబడాలి. షెడ్డులో పౌడర్ పక్కన యూరియా బస్తాలు, కిరోసిన్, ఆసిడ్ ఉండకూడదు. యూరియాతో కలిస్తే పేలే గుణమున్న వాయువు పుడుతుంది. పౌడర్‌ను విడి గదిలో, చెక్కల మీద, మూత బిగిసే ప్లాస్టిక్ డ్రమ్ముల్లో, విప్పిన తేదీ రాసి ఉంచాలి. ఆరు నెలల సరుకు ఒకేసారి కొనే పద్ధతి మానాలి.

ఇంకోటి. ఈ పంచాయతీ కొన్న పౌడర్‌లో ఎక్కువ భాగం ట్యాంకులోకి పోలేదు. రోడ్డు పక్కన, కాలువ గట్టున, మీటింగు రోజుల్లో పందిరి చుట్టూ ముగ్గులా పోసింది అదే. మురుగు కాలువలోని బురద ఆ క్లోరిన్‌ను అక్కడికక్కడే తినేస్తుంది, దోమలకూ ఏమీ కాదు, చూడటానికి తెల్లగా ఉండటం తప్ప. ఆ ఖర్చులో పదో వంతుతో రెండు డీపీడీ కిట్లు వస్తాయి.

ఆ తర్వాత

సాయంత్రం పూట నీళ్ళు వదిలిన అరగంటకు చివరి కుళాయిలో 0.3 వస్తోంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 అడిగేది చివరి వినియోగదారు దగ్గర కనీసం 0.2. వ్యాధి ఉన్నప్పుడు 0.5 ఉండాలి. అందుకని విరేచనాల కేసులు ఆగేదాకా మోతాదు 3 పీపీఎంకు పెంచి, పూటకు 581 గ్రాములు వాడారు. ఆ రోజుల్లో ట్యాంకు దగ్గరి ఇళ్ళకు 1.4 దాకా పోతుంది. ప్రమాణంలోని గరిష్ఠ హద్దు 1 దాటినట్టే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యం దృష్ట్యా పెట్టిన విలువ 5. కొద్దిరోజులు వాసన భరించడం, చివరి కాలనీ పిల్లల్ని ఆస్పత్రిలో చేర్చడం, ఈ రెంటిలో ఏది ఎంచుకోవాలన్న దానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. పాచి నీళ్ళలో క్లోరిన్ ఎక్కువ వేస్తే ట్రైహాలోమీథేన్లనే హానికర రసాయనాలు పుడతాయన్నది నిజమే. దానికి మందు క్లోరిన్ తగ్గించడం కాదు, ఫిల్టర్‌ను సరిగ్గా నడపడం.

చివరి కాలనీలో మొదటి పది నిమిషాల నీళ్ళు మాత్రం ఇప్పటికీ 0.1 మించవు. ముందు పూట నుంచి పైపులో నిలిచిన 9,700 లీటర్లలోవే అవి. వాల్వు తిప్పగానే చివర వాషౌట్ పది నిమిషాలు తెరవమని చెప్పారు. నీళ్ళు వృథా అవుతున్నాయని కాలనీవాళ్ళే దాన్ని కట్టేస్తున్నారు. అందుకని ఆశా కార్యకర్త ఇంటింటికీ చెప్పే మాట మారింది: మొదటి బిందెలు వాడకానికి, తర్వాతివి తాగడానికి. ఇరవై లీటర్ల క్యాను నీళ్ళు కొనుక్కునే ఇళ్ళల్లో కూడా జాగ్రత్త అవసరమే. ఆర్వో ప్లాంటు క్లోరిన్‌ను తీసేస్తుంది, చెయ్యి ముంచిన కుండలో ఆ నీళ్ళకు ఏ రక్షా ఉండదు.

ఆపరేటర్ ఇప్పుడు మూడు చోట్ల చూస్తున్నాడు: ట్యాంకు పక్కన, కల్వర్టు దాటాక, ఆఖరి ఇంటి దగ్గర. వాల్వు తిప్పిన అరగంటకు, డీపీడీతో. రిజిస్టర్‌లో ఫ్రీ, మొత్తం అని రెండు గడులు గీశారు. ఆ రెంటి మధ్య తేడా పెరగడం మొదలైతే అమ్మోనియా వచ్చినట్టే, అప్పుడు ఆరు సీసాల పరీక్ష మళ్ళీ చేయాలి. జూన్‌లో కాలువకు కొత్త నీళ్ళు వదిలిన వారంలోనూ తప్పనిసరిగా చేయాలి, ఆ ఎర్రనీళ్ళు ఏప్రిల్ లెక్కకు లొంగవు. మోటార్ల సంగతి తేలలేదు. నోటీసులిచ్చాక పగలు తీసేసి తెల్లవారుజామున పెడుతున్నారు. కల్వర్టు అవతల ఇంకో సన్న మెయిన్ వేసి ఒత్తిడి పెంచితే తప్ప అవి ఆగేలా లేవు.